మా ఇంట్లో రెండు ఉపవాసాలు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని, డైరీలో కూడా రాయలేదు. రాజమండ్రి ఆసుపత్రిలో నర్సు నన్ను బరువు మిషను ఎక్కించి అంకె పైకి చదివినప్పుడు అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న గోడ మీది క్యాలెండరు వైపు తిరిగిపోయారు. నాకు మాత్రం సంతోషం వేసింది. అనుకున్నదానికంటే ఎక్కువ మార్కులు వచ్చినప్పుడు కలిగే సంతోషం లాంటిది. పక్కన అమ్మ ఏడుస్తుంటే నేను లోపల నవ్వుకున్నాను.

ఇప్పుడు బాగానే ఉన్నాను. అయినా రాయాలనిపించడానికి కారణం ఉంది. పోయిన నెల నేను ఇంటికి వెళ్ళినప్పుడు, మా చర్చికి వచ్చే ఒకావిడ పదో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. "మా పిల్లకీ నీలాగే భక్తి పట్టుకుందమ్మా కరుణా. శుక్రవారం వచ్చిందంటే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు" అని మురిసిపోతూ చెప్పింది. ఆ పిల్ల గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఆవిడకు గట్టిగా చెప్పవలసిన మాట నా నోట్లోనే ఉండిపోయింది. "ఓసారి డాక్టరుకి చూపించండి పిన్నీ" అని మాత్రం అన్నాను, అదీ గొణిగినట్టు. నాకు నోరు తక్కువ. రాయడం కొంచెం వచ్చు. అందుకని రాస్తున్నాను.

2001 క్రిస్మస్

మాది కొవ్వూరు దగ్గర ఊరు. నాన్న ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. అమ్మకు ఇల్లు, చర్చి, చర్చిలో స్త్రీల సమాజం తప్ప వేరే లోకం లేదు. నేను బస్సులో గోదావరి దాటి రాజమండ్రిలో బి.ఏ. చదువుకునేదాన్ని. కాలేజీలో ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. లైబ్రరీ పుస్తకం ఒకటి సంచిలో ఉంటే చాలు, బస్సు ఎంత ఆలస్యమైనా పట్టేది కాదు.

అప్పట్లో కాస్త బొద్దుగా ఉండేదాన్ని. మా చర్చిలో ప్రతి క్రిస్మస్‌కీ నాటిక వేస్తారు. అందులో నాది ఎప్పుడూ సత్రం యజమాని భార్య వేషమే. తలుపు తీసి, చోటు లేదని చెప్పి, తలుపు వేసేయాలి. ఆ ఏడాది దేవదూత వేషం వేయవలసిన అమ్మాయికి జ్వరం వచ్చింది. మా పాస్టరుగారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. ఆవిడ నన్ను పిలిచి, "కరుణా, మాటలన్నీ నీకు వచ్చుగదా, నువ్వు వేసెయ్యి" అన్నారు.

తబలా వాయించే ఒకాయన అక్కడే ఉన్నాడు. "అమ్మగారండీ, దేవదూత బల్ల మీద నిలబడాలి గదండీ. ముందు మన బల్ల సంగతి చూసుకోండి మరి" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ కూడా నవ్వింది. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ మాట అని ఆయన ఆ పూటే మరిచిపోయి ఉంటాడు. అలాంటి మాటలు ఎంతమంది ఆడపిల్లలు విని ఊరుకోలేదు? నాలో అంతకుముందే ఎక్కడో పొడిగా ఉన్న చోట ఆ నిప్పురవ్వ పడింది, అంతే. ఆ రాత్రి తెల్లబట్టల్లో బల్ల మీద నిలబడి, శుభవార్త చెబుతూ, బల్ల కిర్రుమంటుందేమోనని ఊపిరి బిగబట్టుకున్నాను.

2002 శ్రమకాలం

తినడం తగ్గించాలనుకోవడం తేలిక. మా అమ్మ ఇంట్లో తగ్గించడం కష్టం. అన్నం వద్దంటే "ఏం, ఒంట్లో బాలేదా?" అంటుంది. కూర వద్దంటే "నేను చేసింది నచ్చలేదా?" అంటుంది. కడుపు నిండిందంటే "ఆఖర్న పెరుగన్నం తినకుండా కడుపెలా నిండుద్దే?" అంటుంది. జనవరి అంతా ఆవిడతో ఈ గొడవే.

ఫిబ్రవరిలో శ్రమకాలం మొదలైంది. ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస దినాలను మేం శ్రమకాలం అంటాం. మా వాళ్ళలో కొందరు పగలంతా ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం ప్రార్థన అయ్యాక తింటారు. నేనూ ఉంటానన్నాను. అమ్మ ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. పైగా నా తల నిమిరింది. అడిగే మనిషి లేని ఒక తలుపు నాకు ఆ రోజు దొరికింది.

ఈస్టర్ వచ్చింది, వెళ్ళింది. ఇంట్లో అందరూ కోడికూర తిన్నారు. నేను ఉపవాసం మానలేదు. శుక్రవారాలు ఉన్నాయి, పరీక్షలు ఉన్నాయి, నాన్న ట్రాన్స్‌ఫర్ ఉంది. ఈ కారణాలు అయిపోతాయేమో అనుకుంటుండగా ఊళ్ళో వాళ్ళే కొత్తవి తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు.

"కరుణమ్మా, మా అబ్బాయి గల్ఫ్ వీసా గురించి ఒక పూట ఉపవాసముండి ప్రార్థన చెయ్యవా?"

"మా కోడలికి నెలలు నిండాయమ్మా. నీ ప్రార్థన దేవుడు వింటాడు."

"ఆయ్, అలాగేనండి" అనేదాన్ని. ఒకరి గేదె ఈనాలి, ఒకరి అప్పీలు కోర్టులో ఉంది, ఒకరికి మోకాళ్ళ నొప్పులు. ఊరందరి అవసరాలూ నా కడుపులో కూర్చున్నాయి. ఇక అన్నానికి చోటెక్కడిది? ఆ అబ్బాయికి వీసా వచ్చినప్పుడు వాళ్ళమ్మ ఒక అరటిగెల తెచ్చి మా అరుగు మీద పెట్టి ఏడ్చింది. నేను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. వాళ్ళ కోసం నేను నిజంగా ప్రార్థన చేశాను, అది అబద్ధం కాదు. కానీ ప్రార్థన అయ్యాక అద్దం ముందు నిలబడి కంఠం కింద ఎముకలు తడుముకునేదాన్ని. అదీ నిజమే. రెండు నిజాలూ ఒకే పూట జరిగేవి. వాటిలో దేవుడు ఏది చూశాడోనని ఇప్పటికీ భయం వేస్తుంది.

అమ్మగారు ఒక ఆదివారం నన్ను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. ఉపవాసం వల్ల దేవునికి ఎలా దగ్గరయ్యానో మెల్లగా చెప్పాను. ముందు వరసలో చిన్నపిల్లలు నోరు తెరుచుకుని వింటున్నారు. ఆ ముఖాలు తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు ముద్ద దిగదు.

2002 ఎండాకాలం, వానాకాలం

మే నెలలో మా ఊళ్ళో కాకులు కూడా నీడ వెతుక్కుంటాయి. నేను దుప్పటి కప్పుకునేదాన్ని. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. నెలసరి ఆగిపోయింది, అమ్మకు చెప్పలేదు. చదువుతున్న పేజీ చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తుండేది కాదు. నాకు అన్నిటికంటే దుఃఖం కలిగించింది అదే. పుస్తకం కూడా నన్ను వదిలేసింది. అద్దంలో మాత్రం నాకు ఆ పాత బొద్దుపిల్లే కనిపించేది. జాకెట్లు వదులైతే గుడ్డ సాగిందనుకునేదాన్ని.

నాన్న చదువు ఎక్కువైందన్నారు. ఊళ్ళో డాక్టరు బలానికి సీసా మందు రాశారు. ఇంకో డాక్టరు క్షయేమోనని ఎక్స్‌రే తీయించారు. ఆగస్టులో ఒక ఆదివారం పాట పాడుతూ పాడుతూ నిలుచున్నచోటే పడిపోయాను. అప్పుడు రాజమండ్రి తీసుకెళ్ళారు.

ఆ ఆసుపత్రి వరండాలో బెంచీల మీద గడిపిన గంటలే నాకు బాగా గుర్తున్నాయి. ఎముకలకు చెక్క గుచ్చుకునేది. ఒక పక్క ఒత్తుకుపోతే ఇంకో పక్కకు జరిగేదాన్ని. పక్కన జంగారెడ్డిగూడెం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. నన్ను కాసేపు చూసి, తన సంచిలోంచి దుప్పటి తీసి నాలుగు మడతలు పెట్టి నా కిందకి తోసింది.

"పిల్లకేంటండి?" అని అమ్మను అడిగింది.

"తిండి సయించట్లేదండి."

"దిష్టి. చూత్తానే ఉన్నాను గదా. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో పడెయ్యండి."

"మేం క్రిస్టియన్లమండి" అంది అమ్మ మొహమాటంగా.

"అయితే ఏం? మిరపకాయలకి తెలుసేంటండి?" అందావిడ.

అమ్మ ఫక్కున నవ్వింది. చాలా రోజుల తరవాత నవ్వింది. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే లోపలికి పిలిచారు, మిషను ఎక్కించారు. మొదట్లో చెప్పింది ఆ రోజు సంగతే.

డాక్టరమ్మ అమ్మానాన్నలను బయటికి పంపి నన్ను అడిగింది. "ఆకలి వేస్తుందా?"

"లేదండి."

"వేస్తుంది. వేసినా తినకుండా ఉండగలిగితే గెలిచినట్టు ఉంటుంది. అవునా?"

తల దించుకున్నాను. ఆవిడ రెట్టించలేదు. అమ్మానాన్నలను లోపలికి పిలిచి, ఇది భక్తి కాదు, జబ్బు అని చెప్పింది. ఇలాగే వదిలేస్తే గుండె ఆగిపోవచ్చంది. పూట పూటకీ మందులా తినాలని, ఉపవాసాలు ఇక వద్దని, కాకినాడలో సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్ళమని చీటీ రాసింది.

ఇంటికొచ్చాక నాన్న ఆ చీటీని జేబులోంచి తీయకుండానే అన్నారు. "పిచ్చి డాక్టరు దగ్గరికా? రేపు దీనికి సంబంధాలు రావాలా, వద్దా?"

"ముందు పిల్ల ఉండాలి గదండీ" అంది అమ్మ.

వాళ్ళిద్దరూ అంత గట్టిగా మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. నా వల్లే కదా అనుకుంటూ ఇంకో పూట తినలేదు. ఆ జబ్బు తీరే అంత. తప్పు చేశాననిపిస్తే దానికి శిక్ష కూడా తిండి మీదే వేయిస్తుంది.

2002 అక్టోబరు

మా ఊరి ఆడవాళ్ళు నన్ను వదిలేయలేదు. స్త్రీల సమాజంలో అందరూ కూర్చుని, నేను అన్నం తినాలని గొలుసు ఉపవాసం మొదలుపెట్టారు. అంటే రోజుకొకరు తినకుండా ఉండి నా గురించి ప్రార్థన చేస్తారు. మరునాడు ఇంకొకరు అందుకుంటారు. నేను తినాలని వాళ్ళు మానేశారు! మాకు తెలిసిన మందు అదొక్కటే. ఏ కష్టం వచ్చినా మొదట చేసేది అదే. నవ్వుకునే పని కాదు, ఎంత ప్రేమ ఉంటే చేస్తారు?

అమ్మకు షుగరు ఉంది, పొద్దున్నే మాత్ర వేసుకోవాలి. అందుకని ఆవిణ్ణి గొలుసులో కలపలేదు. ఆవిడ తనంతట తనే కలిసింది. రోజుకొకరి పక్కన రోజూ తను.

నాకు ముందు తెలియలేదు. నాకు వడ్డించి ఎదురుగా కూర్చునేది. నువ్వు తినవా అంటే "ఇందాకే మీ నాన్నతో తిన్నానే" అనేది. ఒకరోజు పెరట్లో కంచాలు కడుగుతుంటే అమ్మ కంచం చేతికొచ్చింది. అంచున కొంచెం పప్పు రాసి ఉంది. మధ్యలో మెతుకు ఆనిన జాడ లేదు. ఆ పని నాకు బాగా తెలుసు. నేను నెలల తరబడి చేస్తున్న పనే అది. "ఇందాకే తిన్నాను" కూడా నా మాటే. నా అబద్ధాలన్నీ అమ్మ ఒక్కొక్కటిగా నా దగ్గర నేర్చుకుంది. మా ఇంట్లో రెండు ఉపవాసాలు నడుస్తున్నాయి. ఒకటి నన్ను కరిగించడానికి, ఒకటి నన్ను నిలపడానికి.

ఆ మధ్యాహ్నమే అడగాలనుకున్నాను. అడగలేదు. అడిగితే తిను అంటుంది, అప్పుడు నేనూ తినాలి. అందుకని కంచం కడిగి బోర్లించాను. ఇది నేను క్షమించుకోలేని సంగతి.

రెండు రోజుల తరవాత, నాన్న స్కూల్లో ఉండగా, వంటింట్లో గిన్నె పడిన చప్పుడైంది. వెళ్ళేసరికి అమ్మ పొయ్యి పక్కన గోడకు జారగిలబడి ఉంది. ఒళ్ళంతా చెమట. కుడిచెయ్యి మీద గంజి ఒలికి ఎర్రగా కాలింది, ఆ సంగతే ఆవిడకు తెలుస్తున్నట్టు లేదు. షుగరు పడిపోయిందని అర్థమైంది. గ్లాసు నీళ్ళలో పంచదార కలిపి నోటి దగ్గర పెట్టాను. అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"సాయంత్రం దాకా... మొక్కుకున్నానే" అంది నాలుక మడతపడుతూ.

"అమ్మా, తాగవే. చచ్చిపోతావే!"

"నువ్వు తాగు" అంది.

పంచదార నీళ్ళు. ఆ రోజుల్లో విషం గ్లాసైనా నాకు అంత భయం కలిగించేది కాదు. అమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆ క్షణంలో కూడా నేను ఆలోచించాను. ఎంతసేపు అని చెప్పలేను. ఆలోచించాను అన్నదే నాకు చాలు. తరవాత రెండు గుక్కలు తాగి, "తాగాను, చూడు, తాగాను" అని అరిచాను. అమ్మ నోరు తెరిచింది.

కాసేపటికి తేరుకుంది. ఇద్దరం నేల మీద కూర్చుని, కొంచెం అన్నంలో మజ్జిగ పోసుకుని, ఒకే గిన్నెలోంచి తిన్నాం. ఆవిడ ఎడంచేత్తో తింది.

"ఆ రోజు బల్ల మాటకి నేను కూడా నవ్వానే" అంది ఉన్నట్టుండి. "నీ మొహం చూసి కూడా నవ్వాను. అప్పట్నుంచే గదా?"

ఆ తప్పు ఆవిడ పది నెలలుగా మోస్తోందని అప్పుడే తెలిసింది. అంతటితో నా జబ్బు పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. ఆ రాత్రంతా రెండు గుక్కల పంచదార నీళ్ళు నా ఒంట్లో ఎక్కడికి చేరాయా అని తడుముకుంటూ పడుకున్నాను. అమ్మ చేతికి పూసిన మందు వాసన పక్క మంచం మీంచి వస్తూనే ఉంది.

2002 చివర, 2003

మరునాడు అమ్మగారు పరామర్శకు వచ్చారు. ధైర్యం ఎలా వచ్చిందో తెలియదు గాని, నోరు తెరిచి చెప్పాను. "అమ్మగారండీ, నా కోసం ఎవరినీ ఉపవాసం ఉండవద్దని చెప్పండి. నావి కూడా ఉపవాసాలు కావండి. సన్నబడటానికి తినడం మానేశాను. మీరు చెప్పమన్న సాక్ష్యం కూడా అబద్ధమే చెప్పాను."

ఆవిడ కొంగు అంచు మడతలు పెట్టుకున్నారు. "నిన్ను అందరి ముందూ నిలబెట్టింది నేను గదమ్మా" అన్నారు. "నీ ఎముకలు కనపడుతూనే ఉన్నాయి. నేను భక్తి అనుకున్నాను."

ఆ ఆదివారం చర్చిలో ఆవిడ ఏం చెప్పారో నాకు తెలియదు, నేను వెళ్ళలేదు. సోమవారం మధ్యాహ్నం మాత్రం స్త్రీల సమాజంలో ఉండే శాంతమ్మ పిన్ని క్యారేజీ పట్టుకుని మా గడపలో నిలబడింది. "గొలుసు అలాగే ఉందమ్మాయ్. ఉపవాసం తీసేసి భోజనం పెట్టారు. ఇయ్యాల నా వంతు. కంచం తే."

అలా రోజుకొకరు వచ్చేవారు. నాతో, అమ్మతో కూర్చుని తినేవారు. అన్ని రోజులూ బాగుండేవని కాదు. ఒకావిడ ప్రతి ముద్దకీ ఒక నీతి చెప్పేది. ఇంకొకావిడ నేను ఏడుస్తుంటే తనూ ఏడ్చి అన్నం వదిలేసి వెళ్ళింది. కొన్ని రోజులు కంచం ముందు రాయిలా కూర్చునేదాన్ని. శాంతమ్మ పిన్ని మాత్రం నా కంచం వైపు చూసేది కాదు. ఆవిడ భారీ మనిషి. పీట మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరం సాయం పట్టాలి.

"పిన్నీ, నీకెప్పుడూ సిగ్గనిపించలేదా?" అని ఒకరోజు అడిగాను. అడిగాక నాలిక కరుచుకున్నాను.

ఆవిడ చారు జుర్రి, "ఎందుకే? ఈ నడుం నలుగురు పిల్లల్ని మోసింది. ఇప్పుడు గ్యాసు బండ మోత్తంది. మీ బాబాయి ఒక్కణ్ణే మొయ్యలేకపోతన్నాను" అంది.

అమ్మకు పొలమారింది. నాకూ నవ్వొచ్చింది. ఒళ్ళు అనేది చూడటానికే కాదు, మోయడానికి కూడా అని నాకు ఏ పుస్తకంలోనూ ఎవరూ చెప్పలేదు. షుగరు రానీయకుండా కాస్త తగ్గమని డాక్టరు చెబితే, ఆవిడ ఏటిగట్టు మీద నడక మొదలుపెట్టింది. తన ఒంటిని తిట్టుకోకుండానే నడిచేది. అది చూసి నేర్చుకున్నదే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

కాకినాడకూ వెళ్ళాం. మొదటిసారి నాన్న, తెలిసినవాళ్ళు చూస్తారని, వీధి చివర సోడా బండి దగ్గరే నిలబడిపోయారు. రెండోసారి వరండా దాకా వచ్చారు. మూడోసారి ఆయనే ముందు లోపలికి వెళ్ళి, "మా అమ్మాయండి" అని కుర్చీ లాగారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. అక్కడ నన్ను మిషను మీద వెనక్కి తిప్పి నిలబెట్టేవారు. అంకె వాళ్ళకే తెలిసేది. నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి జారాను. చెప్పకుండా జారాను, చెప్పి లేచాను.

ఇప్పుడు

జంగారెడ్డిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతున్నాను. జాకెట్లు కొత్తవి కుట్టించుకున్నాను. చదివిన పేజీ గుర్తుంటోంది. అద్దం ఇంకా కొన్ని రోజులు అబద్ధం చెబుతుంది. ఆ రోజుల్లో అద్దాన్ని వదిలి, టైము చూసి అన్నం తింటాను. ఒంటికి తగిన బరువు అంటే ఇంత అంకె అని ఎవరైనా అడిగితే చెప్పలేను. క్లాసులో చివరి పీరియడ్ దాకా నిలబడగలగడం, పిల్లల మీద విసుక్కోకుండా ఉండగలగడం, ఇవే నా కొలతలు. మీ ఇంట్లో ఎవరైనా మెల్లగా తిండికి దూరమవుతుంటే, దానికి వాళ్ళు ఎంత మంచి పేరు పెట్టినా నమ్మకండి. ముందు కోప్పడకుండా పక్కన కూర్చోండి. తరవాత డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

తినడం వచ్చింది గాని, తిన్నందుకు తప్పు చేసినట్టు ఉండటం ఇంకా పూర్తిగా పోలేదు. ఈ ఏడాది శ్రమకాలం మొదలయ్యే బుధవారం సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. చర్చిలో ఆరాధన అయ్యాక మధ్యాహ్నం బస్సుకు అమ్మ నాతో రోడ్డు మీదకు వచ్చింది. మా చుట్టూ ఆడవాళ్ళంతా ఉపవాసంతో ఉన్నారు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నేను పొద్దున్నే ఇడ్లీ తిని వచ్చాను. అమ్మ కూడా తింది, డాక్టరు ఆర్డరు. ఇద్దరమే దొంగల్లా ఉన్నామనిపించింది నాకు. బస్సు కనబడుతుండగా, ఇన్నాళ్ళూ అడగని మాట అడిగేశాను.

"అమ్మా, ఆ రోజు నీకేమైనా అయ్యుంటే?"

అమ్మ నా భుజానికి సంచి తగిలించి, చున్నీ సర్దింది. పక్కన ఎవరున్నారో చూసుకోలేదు. గొంతు తగ్గించలేదు.

"బస్సెక్కవే తల్లీ. నాకు ఆకలేత్తంది. ఇంటికెళ్ళి అన్నం తింటాను."